ఏదో ఒక్కదానికే టిక్కు పెట్టమని అడగని చోటు

ముందే చెప్పేస్తాను, వివక్ష ఎదురైనవాళ్ళకి తోడు నిలిచే ఈ బెర్లిన్ సెంటర్ పేరు గానీ వీధి పేరు గానీ ఇక్కడ రాయడం లేదు. రాయొద్దని వాళ్ళే అడిగారు. బెదిరింపు ఉత్తరాలు వస్తుంటాయట. కింద గేటు దగ్గర బెల్ మీద కూడా సెంటర్ పేరుండదు, ఎవరిదో ఇంటిపేరులా కనిపించే చిన్న చీటీ ఒకటి ఉంటుంది. "పేరు లేనిదానికి రివ్యూ ఏంటి, మిక్సీ మీద రాసుకో" అని మా ఆయన నవ్వాడు. మిక్సీల మీద రాసేవాళ్ళకి కొదవలేదు. జర్మనీలో బతుకుతూ ఒంటి రంగు వల్లో, పుట్టిన మతం వల్లో, ఆడమనిషి కావడం వల్లో, లేదా ఇవన్నీ కలిసి ఒకేసారి మీద పడ్డం వల్లో మాట పడితే ఎక్కడికి వెళ్ళాలో మాత్రం మన భాషలో నాకు ఎక్కడా దొరకలేదు. బెర్లిన్‌లో ఇలాంటి సెంటర్లు ఇంకా ఉన్నాయి. ఎక్కడికి వెళ్ళినా ఏం చూసుకోవాలో ఇది చదివితే కొంత తెలుస్తుంది.

వాళ్ళ దగ్గర నేను వాడుకున్నవి రెండు. రెండేళ్ళ క్రితం కౌన్సెలింగ్. పోయిన అక్టోబర్‌లో ఆడవాళ్ళ కోసం పెట్టిన రెండు రోజుల వర్క్‌షాప్. మొదటిదానికి నూటికి నూరు. రెండోదానికి అంత ఇవ్వను.

కౌన్సెలింగ్‌కి ఎందుకు వెళ్ళాల్సి వచ్చిందంటే, అప్పుడు నాకు నాలుగో నెల. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆరేళ్ళుగా డేటా టీంలో చేస్తున్నాను. ఒక పెద్ద ప్రాజెక్టుకి లీడ్ నువ్వేనని ఈమెయిల్‌లో రాశారు కూడా. కడుపుతో ఉన్నానని చెప్పాను. మరుసటి వారం, ఫిబ్రవరి 12న, మీటింగ్‌లో లీడ్ ఇంకొకరన్నాడు మా మేనేజర్. ఎందుకని అడిగితే, "క్లయింటుకి యాస లేని జర్మన్ కావాలి. అయినా మీవాళ్ళలో పిల్లలు పుట్టాక ఆడవాళ్ళు ఇంటిపట్టునే ఉంటారు కదా, నీకూ అదే హాయి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. గదిలో ఇంకో నలుగురున్నారు. ఒకతను ల్యాప్‌టాప్ మూత సగం దించి మళ్ళీ తెరిచాడు. అంతకుమించి ఎవరూ కదల్లేదు. నేను "ఓకే" అన్నాను. ఆ ఓకే నన్ను చాలా రాత్రులు నిద్రపోనివ్వలేదు.

హెచ్ఆర్ ఆవిడ మర్యాదగానే మాట్లాడింది. మన దగ్గర ఇద్దరు ఇండియన్లు లీడ్లుగా ఉన్నారు, కాబట్టి ఇది రేసిజం కాదు. ఇద్దరు తల్లులు కూడా లీడ్లుగా ఉన్నారు, కాబట్టి ఆడవాళ్ళ సమస్యా కాదు. అంతే, ఫైల్ మూసేసింది. ఆ ఇద్దరు ఇండియన్లూ మగవాళ్ళు. ఆ ఇద్దరు తల్లులూ జర్మన్లు. అప్పటికప్పుడు ఇది నాకు తట్టలేదు. లెక్క ఎక్కడో తప్పిందని తెలుస్తోంది గానీ ఎక్కడో తెలియదు.

సెంటర్‌కి ఫోన్ చేస్తే అపాయింట్‌మెంట్ మూడు వారాల తర్వాత, ఏప్రిల్ 3న దొరికింది. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. కౌన్సెలర్ నలభై దాటిన నల్లజాతి జర్మన్ ఆవిడ. మంచినీళ్ళు ఇచ్చి కూర్చోబెట్టింది. ఏం జరిగింది అని అడుగుతుందనుకుంటే, "ఏ తేదీన జరిగింది?" అంది. చెప్పాను. గోడకున్న క్యాలెండర్ కొక్కెం నుంచి తీసి బల్ల మీద పరిచింది. వేలితో వారాలు లెక్కపెట్టుకుంటూ వచ్చి ఏప్రిల్ 12 చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టింది. "తొమ్మిది రోజులున్నాయి. ఇప్పుడు చెప్పు."

జర్మనీలో ఉన్నవాళ్ళు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతా రివ్యూ చదవకపోయినా ఫరవాలేదు. ఉద్యోగంలో వివక్ష మీద 2006 ఆగస్టు నుంచి ఏజీజీ అనే చట్టం ఉంది, జర్మన్లు ఆగేగే అని పలుకుతారు. దాని కింద పరిహారం అడగాలంటే, జరిగినట్టు మీకు తెలిసిన రోజు నుంచి రెండు నెలల్లోపు మీ కాగితం కంపెనీ చేతికి అందాలి. అందాక లేబర్ కోర్టుకి వెళ్ళడానికి ఇంకో మూడు నెలలు ఉంటాయి. ఆ మొదటి రెండు నెలలు దాటితే, మీ మాట ఎంత నిజమైనా ఆ పరిహారం మాట మర్చిపోవాల్సిందే. నేను అప్పటికి యాభై రోజులు ఏడుపుకీ, నన్ను నేను తిట్టుకోవడానికీ ఖర్చుపెట్టేశాను. అదే ఉద్యోగంలో కాకుండా, మనల్ని తక్కువ చేసింది బెర్లిన్ ప్రభుత్వ ఆఫీసో, సర్కారు బడో, పోలీసులో అయితే 2020 జూన్‌లో బెర్లిన్ తెచ్చుకున్న వేరే చట్టం ఉంది. అది ఈ నగరానికే పరిమితం, గడువు మాత్రం ఏడాది.

ఇంత ప్రాణాంతకమైన గడువు ఉన్నప్పుడు అపాయింట్‌మెంట్‌కి మూడు వారాలు పట్టడం ఏమిటని అడిగాను. ఉన్నది ముగ్గురే, అందులో ఇద్దరు సగం రోజు పనివాళ్ళు. కానీ ఫోన్ ఎత్తినవాళ్ళు మొదటి నిమిషంలోనే తేదీ అడగొచ్చు కదా. ఈ మాట చెప్పాను, రాసుకున్నారు. ఈ మధ్య ఒకామెని పంపిస్తే ఫోన్‌లోనే అడిగారట.

ఫారం సంగతి కూడా చెప్పాలి. అంతకుముందు ఇంకోచోట ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టబోతే, కారణం దగ్గర ఒక జాబితా తెరుచుకుంది. లింగం, జాతి మూలం, మతం, వయసు, ఇలా. ఒకటి నొక్కితే ఇంకోటి పోతుంది. రాత్రి పదకొండింటికి, వంటగదిలో నిలబడి, నేను ఆడదాన్నా ఇండియన్నా అని ఒక కంప్యూటర్ నన్ను తేల్చుకోమంటోంది. మూసేశాను. ఇక్కడి ఫారంలో ఒక ఖాళీ గడి ఉంది, పైన "మీ మాటల్లో" అని. నేను సగం తెలుగులోనే రాసేశాను. "ఉంచు, ఆ కాగితం పారేయకు" అంది కౌన్సెలర్. "అతనన్న మాటలు మాత్రం జర్మన్‌లో ఉన్నవి ఉన్నట్టు రాయి. ఎంత టైం, ఎవరెక్కడ కూర్చున్నారు, అన్నీ." ల్యాప్‌టాప్ మూత సంగతి చెబితే అది కూడా రాయమంది. ఆ మూత దించినవాడు విన్నాడన్నమాట.

హెచ్ఆర్ ఆవిడ వేసిన లెక్క నేను చెప్పినప్పుడు మాత్రం కౌన్సెలర్ కుర్చీలో వెనక్కి వాలింది. ఈ లెక్క నేను ఎరుగుదును అంది. అమెరికాలో ఐదుగురు నల్లజాతి ఆడవాళ్ళు జనరల్ మోటార్స్ మీద కేసు వేశారట. 1964కి ముందు ఆ కంపెనీ నల్లజాతి ఆడవాళ్ళని పనిలోకే తీసుకోలేదు. తర్వాత కొత్తగా చేరినవాళ్ళని ముందు తీసేయాలని సీనియారిటీ పద్ధతి పెట్టేసరికి, 1970 తర్వాత చేరిన నల్లజాతి ఆడవాళ్ళందరి ఉద్యోగాలూ పోయాయి. కంపెనీ ఆడవాళ్ళని తీసుకుంది కాబట్టి లింగ వివక్ష లేదు, జాతి, లింగం రెండూ కలిపి కొత్త కేసు కింద వేయడం కుదరదు అని 1976లో కోర్టు తేల్చింది. తీసుకున్న ఆ ఆడవాళ్ళు తెల్లవాళ్ళు. 1989లో కింబర్లీ క్రెన్‌షా అనే న్యాయశాస్త్ర ఆచార్యురాలు ఈ కేసు తీసుకునే ఇంటర్‌సెక్షనాలిటీ అనే మాట తెచ్చింది. కూడలిలో నిలబడ్డ మనిషిని ఏ వైపు బండైనా గుద్దొచ్చు, రెండు వైపుల బళ్ళూ కలిసి గుద్దొచ్చు అని. నాకు లెక్క ఎక్కడ తప్పిందో ఆ కుర్చీలో తెలిసింది. ఏజీజీలోనూ దీనికో సెక్షన్ ఉంది, నాలుగోది. ఒకటికి మించి కారణాల మీద తేడా చూపిస్తే, ఆ కారణాలన్నిటికీ సమర్థన చూపాలి, ఒకదానికి చూపి తప్పించుకోలేరు. గర్భం వల్ల తక్కువ చేస్తే అది నేరుగా లింగ వివక్షేనని మూడో సెక్షన్. అంతా నేనే నిరూపించక్కర్లేదు, అనుమానం కలిగించే ఆనవాళ్ళు చూపిస్తే కాదని నిరూపించుకునే భారం కంపెనీదేనని ఇరవై రెండోది. ఇవన్నీ గంటంపావులో, చీటీ మీద రాసి మరీ చెప్పింది. పైసా తీసుకోలేదు.

ఇక ఉత్తరం. పోస్టులో పంపితే ఎప్పుడు అందిందో మళ్ళీ గొడవ, చేతికిచ్చి సాక్షిని పెట్టుకో అన్నారు. సాక్షి ఎవరు? మా ఆయన ఆ వారం ఊళ్ళో లేడు. వాళ్ళే ఒకావిడని పంపారు. డెబ్బై దాటిన మనిషి, ఎర్ర ఫ్రేము కళ్ళద్దాలు, చేతిలో చక్రాల సంచి. మా ఆఫీసు రిసెప్షన్‌లో నా పక్కన నిలబడి, కవరు చేతులు మారగానే వాచీ చూసి, చిన్న పుస్తకంలో 10:40 అని రాసుకుంది. బయటికి వచ్చాక, "ఇలాంటి పనికి నాలాంటి ముసలిదే మంచిది, ఎవరి కంటా పడను" అంది. ఉక్రెయిన్‌లోని ఒడెస్సా నుంచి 1993లో వచ్చిందట. సోవియట్ దేశం కూలాక అక్కడి యూదులు, కుటుంబాలతో కలిపి రెండు లక్షల మందికి పైగా, జర్మనీ చేరారు, వాళ్ళలో ఒకరు. అక్కడ ఇంజినీర్. ఆ డిగ్రీని ఇక్కడ ఎవరూ ఒప్పుకోకపోతే ఇరవై ఏళ్ళు ఆఫీసులు తుడిచింది. మా బిల్డింగులోనే రెండో అంతస్తు తుడిచిందట ఒక ఏడాది.

సంఘీభావం అంటే నాకు అంతవరకూ పేపర్లో చదివే మాట. వీళ్ళ కాగితాల మీద ఈ పనిని బెగ్లైటుంగ్ అని రాస్తారు. తోడు రావడం, అంతే.

ఏమైందో కూడా చెప్పాలి కదా. కోర్టుకి వెళ్ళలేదు. కౌన్సెలర్ పక్కన కూర్చుని ఉండగా కంపెనీతో రెండుసార్లు మాట్లాడాం. కొంత డబ్బు ఇచ్చారు, ప్రసవం సెలవు అయ్యాక లీడ్ పని ఇస్తామని రాసిచ్చారు. సారీ చెప్పలేదు. కోర్టుకి వెళ్ళమని గానీ వద్దని గానీ సెంటర్ వాళ్ళు ఒక్కసారీ నొక్కలేదు. నొక్కి ఉంటే వెళ్ళేదాన్నేమో అని ఇప్పటికీ అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

వర్క్‌షాప్‌కి వస్తాను. శని ఆదివారాలు, తొమ్మిది నుంచి ఐదు. ఫీజు సున్నా నుంచి 50 యూరోల దాకా మీ ఇష్టం, కవర్లో పెట్టి ఇవ్వాలి, ఎవరెంత ఇచ్చారో ఎవరూ చూడరు. పదహారు మందిమి. అది ఎక్కువ. పన్నెండు దాటితే అందరి మాటా పూర్తిగా వినడం కుదరదు, ఇద్దరు ముగ్గురు రెండు రోజులూ నోరు తెరవలేదు. అంతా జర్మన్‌లోనే. కావాలంటే పక్కన కూర్చుని చెవిలో ఇంగ్లీషులో చెబుతారు, కానీ చెప్పే అమ్మాయి ఒక్కతే.

నిర్వహించినవాళ్ళు ఇద్దరు. ఒకరు యూదు, ఒకరు టర్కీ కుటుంబం నుంచి వచ్చిన ముస్లిం. మొదటి రోజు మధ్యాహ్నం ఒక వియత్నాం కుటుంబపు అమ్మాయి వాళ్ళమ్మ కథ చెప్పింది. తూర్పు జర్మనీ 1980లలో వియత్నాం నుంచి కాంట్రాక్టు మీద వేలమందిని ఫ్యాక్టరీలకి రప్పించుకుంది. ఆడవాళ్ళు పనికి రావచ్చు, కడుపు మాత్రం రాకూడదు. వస్తే తీయించుకోవాలి, లేదంటే వెనక్కి విమానం. వాళ్ళమ్మతో గది పంచుకున్న అమ్మాయి చలికోటు ఇంట్లో కూడా విప్పేది కాదట. ఐదో నెల దాకా దాచింది. ఒకరోజు పనినుంచి వచ్చేసరికి మంచం ఖాళీ. దుప్పటి చక్కగా మడత పెట్టి ఉందట. ఆ మడత గురించి చెబుతూ ఆ అమ్మాయి ఆగిపోయింది. నాకు మా మేనేజర్ అన్న "నీకూ అదే హాయి" గుర్తొచ్చింది. రెండూ ఒకటే అనను. నా ఉద్యోగం నాకుంది, పాప పక్క గదిలో ఆడుకుంటోంది. కానీ ఆ రెండు మాటలూ ఒకే ఇంట్లో పుట్టినవి.

ఆడవాళ్ళ మీద, వలసవాళ్ళ మీద, యూదుల మీద ఉండే మూడు ద్వేషాలూ ఎందుకు కలిసి తిరుగుతాయో హాలె సంగతితో చెప్పారు. 2019 అక్టోబర్ 9, యూదులకి యోమ్ కిప్పూర్ పండుగ. హాలె నగరంలో ప్రార్థనామందిరం లోపల యాభై మంది దాకా ఉన్నారు. తుపాకులతో వచ్చినవాడు తలుపు బద్దలుకొట్టలేకపోయాడు. వీధిలో వెళ్తున్న నలభై ఏళ్ళ ఆవిడని కాల్చేశాడు, తర్వాత టర్కీ కబాబులు అమ్మే డోనర్ షాపులోకి వెళ్ళి ఇరవై ఏళ్ళ కుర్రాడిని చంపాడు. దీన్నంతా ఇంటర్నెట్‌లో లైవ్ పెట్టుకున్నాడు. మొదట్లో వాడు చెప్పిన వరుస ఇది: ఫెమినిజం వల్ల పిల్లలు పుట్టడం తగ్గిందట, దానివల్ల వలసవాళ్ళు వస్తున్నారట, అన్నిటికీ మూలం యూదులట. నేను ఆ వార్త అప్పుడు చదివాను, యూదుల మీద దాడి అని చదివి పక్కన పెట్టాను. ఆ వరుసలో నేనూ ఉన్నానని, ఒకసారి కాదు రెండుసార్లు ఉన్నానని, ఇన్నేళ్ళకి తెలిసింది. వాడి పేరు ఆ గదిలో ఎవరూ పలకలేదు. ఆ రోజు బతికినవాళ్ళు కోరుకున్నది అదే. 2020 డిసెంబర్‌లో యావజ్జీవం పడింది. ఆ కేసులో మందిరంలో ఉన్నవాళ్ళూ, డోనర్ షాపు వాళ్ళూ, పారిపోతూ వాడు కారుతో గుద్దిన సోమాలియా అతనూ ఒకే వైపు కూర్చున్నారు. ఆ షాపు నిలబడాలని యూదు విద్యార్థుల సంఘం చందాలు పోగుచేసింది.

ఇప్పుడు నా తప్పు. రెండో రోజు పొద్దున వంటగదిలో నా సంచిలోంచి చిన్న గుడ్డ పర్సు తీసి బల్ల మీద పెట్టాను. ఎరుపు మీద పసుపు దారంతో స్వస్తిక్ కుట్టి ఉంటుంది దాని మీద. ఏళ్ళ తరబడి వాడుతున్నాను, కంటికి ఆననంత అలవాటు. ఎదురుగా కప్పులు కడుగుతున్నది ఎవరో కాదు, ఎర్ర కళ్ళద్దాల ఆవిడే. కుళాయి కట్టలేదు. నీళ్ళు పోతూనే ఉన్నాయి. నా నోటికి వచ్చిన మొదటి మాట "ఇది అది కాదు, మాది వేరు". అనలేదు, ఎలా ఆగానో తెలియదు. పర్సు సంచిలో పడేశాను.

నిర్వాహకులు ఈ విషయాన్ని పట్టుకున్న తీరుకే వాళ్ళకి మార్కులు వేస్తాను. అందరి ముందూ నన్ను నిలబెట్టలేదు, సంస్కృతి పాఠం చెప్పమనలేదు, ఆవిణ్ణి ఓదార్చమనలేదు. ఇద్దరినీ విడివిడిగా అడిగారు, మాట్లాడుకోవాలని ఉందా అని. మధ్యాహ్నం మెట్ల మీద కూర్చున్నాం. ఆవిడే మొదలుపెట్టింది. "మీ గుర్తు పాతది, నాజీలు దొంగిలించారని చదివాను. బుర్రకి తెలుసు. కడుపుకి తెలియదు." 1941లో ఒడెస్సాలో వాళ్ళ అమ్మమ్మ చెల్లెళ్ళు ఇద్దరు పోయారు. నేను పర్సుని లోపలి వైపు బయటికి తిప్పి వాడుతున్నాను ఇప్పుడు. మన గుర్తు మనమెందుకు దాచుకోవాలని మా ఆయనకి ఇంకా కోపమే. అతని మాటలోనూ న్యాయం లేకపోలేదు. కానీ నా పక్కన రిసెప్షన్‌లో నిలబడింది ఆవిడ.

నచ్చనిది కూడా రాస్తాను. 2023 అక్టోబర్ 7న ఇజ్రాయెల్ మీద హమాస్ చేసిన దాడి గురించీ, గాజా యుద్ధం గురించీ మాట రాకుండా ఇలాంటి గది ఉండదు. వచ్చింది. పాలస్తీనా కుటుంబపు అమ్మాయి ఒకతె, యూదు అమ్మాయి ఒకతె, ఇద్దరికీ ఆప్తులు పోయారు. గొంతులు పెరిగేసరికి నిర్వాహకులు "తర్వాత మాట్లాడదాం" అని పసుపు చీటీ మీద రాసి గోడకి అంటించారు. ఆ "తర్వాత" అనేది రానేలేదు. భయపడ్డారు, అర్థం చేసుకోగలను. కానీ తోడు గురించి రెండు రోజులు మాట్లాడి, అది అసలు బరువు మోయాల్సిన చోట చీటీ అంటిస్తే ఎలా? సాయంత్రం నేను పాపని ఎత్తుకుని కిందికి దిగేసరికి ఆ ఇద్దరూ సైకిళ్ళ స్టాండ్ దగ్గర నిలబడి మాట్లాడుకుంటున్నారు. స్ట్రోలర్ మర్చిపోయి ముప్పావు గంట తర్వాత మళ్ళీ వస్తే, అప్పటికీ అక్కడే ఉన్నారు.

ఇంకో అభ్యాసం నా మీదికే తిరిగింది. మీరు అవతలి వైపు ఉన్న సందర్భం ఒకటి రాయండి అన్నారు. చాలాసేపు కాగితం తెల్లగానే ఉంది. తర్వాత బెర్లిన్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపు గుర్తొచ్చింది. గది అద్దెకి అడిగిన అమ్మాయిని ఎవరో "ఇంటిపేరు ఏంటమ్మా" అని అడిగారు, అది ఎందుకడిగారో అందరికీ తెలుసు. గది వేరేవాళ్ళకి పోయింది. ఆ రోజు నేను ల్యాప్‌టాప్ మూత కూడా దించలేదు. ఏజీజీలో కులం అనే మాట లేదు. మా గ్రూపులో అసలే లేదు, అందరూ ఇంటిపేర్లే అడుగుతారు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి చివరి వివరాలు. స్ట్రోలర్‌తో వెళ్తే కింద నుంచి ఫోన్ చేయండి, ఎవరో ఒకరు దిగి వచ్చి ఒక చెయ్యి వేస్తారు. చక్రాల కుర్చీ వాడేవాళ్ళకి మాత్రం ఆ చోటు పనికిరాదు, వాళ్ళ కోసం వేరే చోట కలుస్తామంటారు, ముందే చెప్పాలి. పిల్లల్ని చూసుకునేవాళ్ళు ఉంటారు, అయితే మూడింటిదాకే. ఆడవాళ్ళ వర్క్‌షాప్ ఐదింటిదాకా, పిల్లల గది మూడింటిదాకా పెట్టిన మనిషికి పిల్లలున్నారో లేదో తెలియదు. మూడు తర్వాత పాప నా ఒళ్ళోనే ఉంది, ఎర్ర కళ్ళద్దాలు లాగుతూ. మార్చిలో మళ్ళీ పెడుతున్నారు. పేరు ఇచ్చాను. సమయం మార్చారా అని అడిగితే, ఇంకా మాట్లాడుకుంటున్నాం అన్నారు.